ఇంట్లో ఎవరూ లేరన్న ఇల్లు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగతాది వినండి అని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చాయ్‌తో పాటే చెప్పేస్తుంది. ఆ మిగతా సగం మీద కూడా ఆమెకు పెద్ద నమ్మకం లేదు. మోతీనగర్‌లో మా గల్లీ పిల్లలు నన్ను చూడగానే "అంకుల్, చిరుత!" అని అరుస్తారు. జూబ్లీహిల్స్ గుట్టల్లో షూటింగ్ జరుగుతుంటే ఒక చిరుతపులి వచ్చి హీరోగారి కేరవాన్‌లో ఏసీ కింద పడుకుందనీ, ప్యాకప్ చెప్పేదాకా లేవలేదనీ ఒకప్పుడు నేను చెప్పిన కథ అది. చెప్పి చెప్పి, ఆ చిరుత ఎడమ చెవికి ఒక గాటు కూడా పెట్టాను.

ఇంకోసారి కృష్ణానగర్‌లో పొద్దున చాయ్ బండి దగ్గర, ఒక హీరోయిన్‌గారి కుక్కకి విడిగా కేరవాన్ ఇస్తున్నారని ఊరికే ఒక మాట వదిలాను. సాయంత్రం డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద ఒకాయన నన్ను పక్కకి లాగి, చెవిలో అదే మాట ఊదాడు. కుక్కకి మేకప్ మనిషి కూడా ఉన్నాడని కలిపాడు. "కన్ఫర్మ్ అన్నా, ముగ్గురు చెప్పిన్రు" అన్నాడు. ఒక్క క్షణం నేనే నమ్మాను. ఆ క్షణాన్ని తలుచుకుని చాలా ఏళ్లు నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. ఎందుకో చెబుతాను. ఇందులో చిరుతల్లేవు, సగం తీసేయక్కర్లేదు.

నేను ప్రొడక్షన్ మేనేజర్ని. షూటింగుకి మనుషులూ, బండ్లూ, భోజనాలూ, ఇళ్లూ సమయానికి కుదిరేలా చూడటం నా పని. మా ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో, ఒక ఎడిటింగ్ గది పైన. నాకు సాయంగా ఉంటుందని మా నిర్మాతగారు ఒక ఇంజనీరమ్మాయిని తీసుకొచ్చారు. కాకినాడ వైపు పిల్ల. మెల్లగా మాట్లాడుతుంది, దేనికీ కంగారుపడదు. ఆమె మూడు సాఫ్ట్‌వేర్ ఏజెంట్లని తయారుచేసింది. ఒకటి సెట్ మీద ఏం జరుగుతోందో చూసుకుంటుంది. ఒకటి కార్లు పంపుతుంది. ఒకటి నటీనటుల డేట్లూ, రాకపోకలూ చూస్తుంది. మనం పక్కన నిలబడక్కర్లేదు, వాటిలో అవి మాట్లాడుకుని పని తెముల్చుకుంటాయి. ఆఫీసులో మా అందరికంటే వాటికే మర్యాద ఎక్కువ కాబట్టి నేను వాటికి అల్లుళ్లని పేరు పెట్టాను. సెట్టల్లుడు, కార్లల్లుడు, డేట్లల్లుడు.

"వీళ్లలో వీళ్లు ఏ భాష మాట్లాడుకుంటరు బిడ్డా? తెలుగేనా?" అని అడిగాను మొదటిరోజు.

"కాదండీ, వాళ్లకో భాష ఉంది. మీకు చూపించేటప్పుడు మాత్రం తెలుగులో వస్తుంది. ప్రతి మాటకీ ముందు, అది ఎలాంటి మాటో చెప్పి తీరాలి. 'అడుగుతున్నాను', 'చెబుతున్నాను', 'ఒప్పుకుంటున్నాను', 'కుదరదు', 'అర్థం కాలేదు' ఇలాగన్నమాట. ఆ తర్వాతే అసలు సంగతి. ఈ భాష తెలిస్తే చాలు, వేరేవాళ్లు చేసిన ఏజెంటయినా మనవాళ్లతో మాట్లాడేస్తుంది."

"మనుషులు గిట్ల మాట్లాడితే ఇండ్లల్ల లొల్లే ఉండకపోవు."

"ఇంకోటి సార్. 'చెబుతున్నాను' అని మొదలుపెడితే, చెప్పేవాడు అది నిజమని నమ్మే చెబుతున్నాడని లెక్క. వినేవాడు నమ్ముతాడు."

"అట్లయితే మన ఇండస్ట్రీల ఆ మాట వాడేటోడు ఒక్కడు గూడ దొరకడు. మా అసుంటోళ్ల కోసం 'కోతలు కోస్తున్నాను' అని ఇంకొకటి పెట్టు."

ఆమె నవ్వింది. పెట్టలేదు.

జూబ్లీహిల్స్‌లో మేము షూటింగులకి కిరాయికి తీసుకునే ఒక బంగళా ఉంది. దానికి సొంత ఏజెంటే ఉంది. తాళాలు, లైట్లు, ఏసీలు అన్నీ దాని చేతిలోనే. షూటింగ్ ఉందని మా సెట్టల్లుడు చెబితే తలుపులు తీస్తుంది, అందరూ వెళ్లిపోయారని చెబితే మూసేస్తుంది. అది ఆ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి దానికి ఇల్లరికపు అల్లుడని పేరు పెట్టాను. ఆఫీసంతా పడీ పడీ నవ్వారు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర పని అయిందని ముందు చెబుతారు, తర్వాత చేస్తారు. డైరెక్టరుగారు కారు బయల్దేరిందా అంటే లేదనే మనిషి ఇంతవరకు పుట్టలేదు. డ్రైవరు యూసుఫ్‌గూడలో ఇంకా పళ్లు తోముకుంటూనే "చెక్‌పోస్ట్ కాడున్న సార్, వచ్చేసిన" అంటాడు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, ఒకరకంగా అది మర్యాద. వినేవాడికీ ఆ సంగతి తెలుసు. లోపల కొంత తగ్గించుకుని వింటాడు. ఇన్నేళ్లుగా ఇన్ని సినిమాలు ఆ తగ్గింపు మీదే పూర్తయ్యాయి. అల్లుళ్లకి మాత్రం ఆ తగ్గింపు ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు బంగళాలో ఒక పూట షూటింగ్. నాయనమ్మ వేషానికి ఒక పెద్దావిడ వచ్చింది. తెనాలి వైపు నాటకాల నుంచి వచ్చిన మనిషి. కూతురితో యూసుఫ్‌గూడలో ఉంటుంది. యూనిట్ అంతా ఆమెను అమ్మమ్మగారనే పిలుస్తారు. షుగరుంది. మధ్యాహ్నం సూది వేసుకోవాలి, వెంటనే తినాలి. సెట్ మీద ఫొటోలు బయటికి పోకుండా నటీనటులందరి ఫోన్లూ తీసుకుని ఒక సంచిలో వేస్తారు, ప్యాకప్ అయ్యాక ఇస్తారు. ఆమెదీ తీసుకున్నారు. మధ్యాహ్నానికి షూటింగ్ అయిపోయింది. యూనిట్ పాట కోసం వేరే స్టూడియోకి వెళ్లిపోయింది. నేను ఆఫీసులోనే ఉన్నాను.

ఎండ వాలుతున్నప్పుడు ఆమె కూతురు ఫోన్ చేసింది.

"అన్నా, అమ్మ ఇంకా రాలే. ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తుంది. ఎవరిదో ఫోన్ కెల్లి పగటీలి చేసింది. సూది ఏసుకున్న, ఒక్క షాట్ ఉన్నది, అది కాంగనే తింటా అన్నది. తిన్నదో లేదో తెల్వదు."

"ట్రాఫిక్‌ల ఉంటది చెల్లే. ఫికర్ చెయ్యకు. లైన్ల ఉండు, ఇప్పుడే చూస్త."

ఇంజనీరమ్మాయి తెర మీద డేట్లల్లుణ్ణి అడిగింది. జవాబు వెంటనే వచ్చింది.

చెబుతున్నాను: ఆమె ఇంట్లో ఉన్నారు.

"ఇంట్లనే ఉన్నదంట చెల్లే" అన్నాను.

"ఇంట్ల నేనున్నన్నా! నాకు కండ్లు కనిపిస్తలేవా?"

నేను తెర వంక చూశాను. అక్షరాలు అలాగే ఉన్నాయి, నల్లగా, ఏ అనుమానమూ లేకుండా.

"వానికి ఎవరు చెప్పిన్రో అడుగు బిడ్డా."

అడిగింది. కార్లల్లుడు చెప్పాడట. కార్లల్లుణ్ణి అడిగింది. ఆమె ప్రయాణం ముగిసిందనీ, కారుని వేరే పనికి పంపాననీ, ఆమె వెళ్లిపోయిన సంగతి సెట్టల్లుడు చెప్పాడనీ అన్నాడు. సెట్టల్లుణ్ణి అడిగింది.

చెబుతున్నాను: ఆమె ఇంట్లో ఉన్నారు. డేట్ల ఏజెంటు తెలియజేశారు.

ఆ అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. దేనికీ కంగారుపడని పిల్ల మొహంలో రంగు మారింది.

"సార్, ఇది గుండ్రంగా తిరుగుతోందండీ."

"అంటే?"

"మొదట ఎవరో మనిషి ఆమెను పంపించేశామని సెట్ ఏజెంటుకి చెప్పుంటారు. అది కారుకి చెప్పింది, కారు డేట్లకి చెప్పింది. డేట్ల ఏజెంటు, ఆమె ఇంట్లో ఉన్నారని తిరిగి సెట్‌కే చెప్పింది. కొత్త మాట రాగానే సెట్ పాతదాన్ని తీసేసి దీన్ని పెట్టుకుంది. ఇప్పుడు ముగ్గురూ ఒకళ్ల మాట ఒకళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఆమెను చూసినవాళ్లు ఎవరూ లేరు సార్."

నాకు డబ్బింగ్ థియేటర్ మెట్లు గుర్తొచ్చాయి. ముగ్గురు చెప్పిన్రన్న ఆ మనిషి మొహమూ గుర్తొచ్చింది. కూతురికి మళ్లీ చేస్తానని చెప్పి కో-డైరెక్టరుకి ఫోన్ కొట్టాను. సెట్ మీద ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారన్నది చూసేది అతనే. గుంటూరు మనిషి.

"ఎక్కించేశాం అన్నా. పంపించేశాం."

"నువ్వు చూసినవా?"

"మనవాళ్లు చూశారు."

"మనోళ్లంటే ఎవరు?"

"అబ్బా, షాట్ మధ్యలో ఉన్నానన్నా. మళ్లీ ఏదో కథ మొదలెట్టకు. ఆ మధ్య చిరుత చిరుతని కేకలేసి ఫైటర్లందరినీ చెట్లెక్కించావ్."

"కథ గాదు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత. ఫోన్ల సంచి నీ కార్లనే ఉన్నది గద. జర తెరిచి చూడు."

గొణుక్కుంటూ నడిచిన చప్పుడు. కారు తలుపు. సంచి జిప్పు.

"అన్నా. ఒకటి మిగిలింది."

"ఏ ఫోను?"

"చిన్న బటన్ల ఫోను. రబ్బరు బ్యాండు చుట్టి ఉంది."

"ఆమెను ఎక్కడ కూసోబెట్టినవ్?"

"కింద, హోమ్ థియేటర్లో. షాటు లేటయ్యేట్టుంది, చల్లగా ఉంటుంది, కాసేపు నడుం వాల్చు అమ్మమ్మా అని నేనే... తర్వాత ఆ షాటే ఎత్తేశారన్నా. పిలుచుకు రమ్మని ఎవరికో చెప్పాను. చెప్పాను కదాని, పంపించేశామని సెట్ ఏజెంటుకి కొట్టేశాను."

అతన్ని తిట్టబుద్ధి కాలేదు. నేనైనా అలాగే కొట్టేవాణ్ణి.

ఆ హోమ్ థియేటర్ నాకు బాగా తెలుసు. బంగళా కోసం గుట్టని తొలిచినప్పుడు అడుగున మిగిలిన రాతి గుహలాంటి చోటుని సినిమా హాలుగా మార్చుకున్నారు. కిటికీ లేదు. చప్పుడు బయటికి రాకుండా గోడలన్నింటికీ ముదురు రంగు మెత్తలు కుట్టారు. తలుపుకీ అవే మెత్తలు. మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు లైటు ఆర్పితే తలుపెక్కడుందో నాకే దొరకలేదు. గోడంతా తడుముకుంటూ తిరిగితే వెనకున్నవాళ్లు నవ్వారు. సెట్టల్లుడు అందరూ వెళ్లిపోయారని చెప్పగానే ఇల్లరికపు అల్లుడు ఏం చేసుంటాడో ఊహించడానికి నాకు కల్పన అక్కర్లేకపోయింది.

స్కూటర్ తీశాను. ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్ గుండెలకి హత్తుకుని వెనక కూర్చుంది. ఫిల్మ్‌నగర్ నుంచి ఆ బంగళా పెద్ద దూరం కాదు, కానీ అది సాయంత్రం రద్దీ. ఆ ఎత్తుపల్లాల్లో కార్లు ఒకదాని వెనక ఒకటి ఎర్ర లైట్లు వేసుకుని ఆగిపోయున్నాయి. నేను ఫుట్‌పాత్ ఎక్కించాను. ఎవరో తిట్టారు. ఆమె నా వీపు మీదే ల్యాప్‌టాప్ ఆనించి ఏదో కొడుతోంది.

"సార్, కార్ల ఏజెంటుని ఆమె కోసం బండి పంపమన్నాను. 'కుదరదు, ఆమె ఇంట్లో ఉన్నారు' అంటోంది."

"బండి గంగల కలవనియ్. తలుపు సంగతి చూడు."

తినకుండా సూది వేసుకున్న షుగరు మనిషి ఏమవుతుందో నాకు తెలుసు. మా పెదనాన్న అలాగే ఒకసారి పెళ్లి పందిట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ముందు చెమటలు, వణుకు, తర్వాత మాట తడబడటం, ఆ తర్వాత మాటే లేకపోవడం. ఆమె ఇప్పుడు వీటిలో ఎక్కడుంది? ఇన్నేళ్లుగా ఏ కథ కావాలంటే ఆ కథ అల్లిన నా బుర్ర ఆ సాయంత్రం ఒక్కటే కథని అల్లుతోంది, ఆపమన్నా ఆపడం లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఫోన్లో పాటలు వింటున్నాడు. పాలమూరు మనిషి. నాకంటే పెద్దవాడు.

"తలుపు తియ్యి కాకా! లోపట అమ్మమ్మగారు ఉండిపోయింది."

"ఏంది సారూ, మల్ల ఏదో కత పట్టుకొచ్చినవ్? మొన్న ఈ ఇంటి కింద గోల్కొండ దాక సొరంగం ఉన్నదంటివి. నిజమే అనుకొని నా పెండ్లానికి జెప్పిన, గామె నన్ను ఇంట్లకు రానిస్తలేదు."

"కాకా, నా పిల్లల మీద ఒట్టు."

"ఇల్లు ఖాళీ సారూ. ఇగో, ఫోన్ల మెసేజ్ గూడ వచ్చింది." నాకు చూపించాడు. ఇంట్లో ఎవరూ లేరు, తాళాలు పడ్డాయి అని ఉంది. "నీకంటే గిదే నయ్యం. ఇది నీ లెక్క పరాష్కాలు ఆడదు."

నేను ఇంజనీరమ్మాయి వంక చేయి చూపించాను. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కాకా ఆ కళ్లని చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నా తాన తాళం చెవి లేదు బిడ్డా. అంత దాని చేతులనే ఉన్నది. సారుకు ఫోన్ చేస్త ఆగు." ఇంటి యజమానికి చేశాడు. అందుబాటులో లేరని వచ్చింది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే.

నేను తోట అంచు నుంచి ఒక రాయి ఎత్తి హాలు అద్దం మీద బలమంతా పెట్టి కొట్టాను. రాయి నా వైపే ఎగిరొచ్చి కాలి మీద పడింది. అద్దానికి గీత కూడా పడలేదు. లోపల చీకట్లో సోఫాలు తెల్లటి గుడ్డలు కప్పుకుని కనిపించాయి. "అమ్మమ్మా!" అని అరిచాను. నా గొంతు అద్దంలోంచి పోవడం లేదని నాకే తెలుస్తోంది.

ఇంజనీరమ్మాయి మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. "సార్, ఈ ఇల్లు మన సెట్ ఏజెంటు మాటే వింటుంది. సెట్ ఏజెంటు మీ మాటా, కో-డైరెక్టర్ గారి మాటా వింటుంది. మీరు చెప్పండి, కొడతాను."

"అమ్మమ్మగారు బంగళా లోపటనే ఉన్నదని చెప్పు. తలుపు తియ్యమని చెప్పు."

కొట్టింది. మేమిద్దరం తెర మీదికి వంగాం.

కుదరదు: ఆమె ఇంట్లో ఉన్నారు. ఈ సంగతిని ముగ్గురు ధ్రువీకరించారు. మీ సమాచారం దీనితో పొసగడం లేదు.

"ముగ్గురెవరే?" అని అరిచాను. ల్యాప్‌టాప్ మీదే అరిచాను.

"వాళ్లేనండీ." ఆమె ఇంకా తెరనే చూస్తోంది. "కొత్త మాట పాత మాటకి అడ్డొస్తే, ఎక్కువమంది ఏం చెబితే అది పట్టుకోమని నేనే పెట్టాను సార్. దాన్ని మార్చాలంటే ఆఫీసు సర్వర్‌లో మార్చాలి. వెనక్కి వెళ్లాలి."

వెనక్కి వెళ్లాలంటే మళ్లీ ఆ ఎర్ర లైట్లు. కాకా రెండు చేతులూ తల మీద పెట్టుకుని తలుపుకేసి చూస్తున్నాడు. నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. బతుకంతా కోసిన కోతలూ, వాటిని నమ్మినవాళ్ల మొహాలూ గుర్తొచ్చాయి.

"బిడ్డా, నీ భాషల అబద్ధానికి ఏమన్న మాట ఉన్నదా?"

"లేదండీ."

"మరి నేను అబద్ధం చెప్తే వానికి ఎట్ల తెలుస్తది?"

"వాడికి ముందే తెలిసినదానికి ఎదురైతేనే తెలుస్తుంది. లేకపోతే..." ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "నమ్మేస్తాడు సార్."

"అయితే కొట్టు. చెబుతున్నాను: డైరెక్టరుగారికి పొద్దుటి షాట్ నచ్చలేదు. మళ్లీ తీస్తున్నం. యూనిట్ మొత్తం స్టూడియో కెల్లి బంగళా గేటు కాడికి తిరిగొచ్చింది. లైటింగ్ మొదలుపెట్టాలె. అమ్మమ్మగారి మాట ఎత్తకు. ఎత్తితే మల్ల మొదటికే వస్తడు."

ఆమె వేళ్లు ఒక్క క్షణం తటపటాయించాయి, తర్వాత కొట్టాయి. ఏ డైరెక్టరుకి కథ చెప్పినప్పుడూ, ఏ నిర్మాత ముందు కూర్చున్నప్పుడూ నాకంత భయం వేయలేదు. నా అబద్ధం చెల్లకపోతే అన్న భయం అదే మొదటిసారి.

ఒప్పుకుంటున్నాను, అన్నాడు సెట్టల్లుడు.

మా వెనక తలుపు టక్కుమంది. హాల్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఏసీలు హోరుమన్నాయి. లోపలి నుంచి ఒక మెత్తటి ఆడగొంతు "స్వాగతం" అంది. కాకా రెండడుగులు వెనక్కి వేశాడు. నేను ఆ స్వాగతాన్ని తోసుకుంటూ కింది మెట్లకేసి పరుగెత్తాను.

హోమ్ థియేటర్ తలుపు తెరిస్తే చల్లగాలి, దాంతో పాటు తలనూనె వాసన వచ్చాయి. కుర్చీల్లో ఎవరూ లేరు. తర్వాత, వెండితెర పక్కన గోడ మూల, నేల మీద నాయనమ్మ వేషపు నేత చీర అంచు కనిపించింది. ఆమె గోడకి చేరగిలబడి ఉంది. రెండు అరచేతులూ మెత్తల మీదే ఉన్నాయి. అక్కడ తలుపుంటుందనుకుని తడుముతూ అలాగే జారిపోయినట్టుంది. తలుపు దానికి సరిగ్గా ఎదుటి వైపుంది. ఒళ్లు చల్లగా, చెమటతో తడిసి ఉంది.

"అమ్మమ్మా."

కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టలేదు. పెదవులు కదిలాయి, మాట ముద్దగా వచ్చింది.

"చక్కెర! కాకా, చక్కెర!" అని అరిచాను.

కాకా తన గదిలోంచి చక్కెర పిడికిట పట్టుకుని వచ్చాడు. పరుగులో సగం మెట్ల మీదే పోయింది. ఇంజనీరమ్మాయి తన నీళ్ల సీసాలో దాన్ని కలిపింది. మింగగలదో లేదోనని ముందు ఒక్క చుక్క పెదవికి అంటించాను. నాలుక బయటికొచ్చి అందుకుంది. అప్పుడు కొద్ది కొద్దిగా పట్టాం. ఎంతసేపటికో ఆమె నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"నువ్వా అబ్బాయ్" అంది. అంతే అంది.

కో-డైరెక్టరు యూనిట్ కారులో డ్రైవరుతో సహా వచ్చి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. డాక్టరు చూసి, సూది గుచ్చి రక్తం చూసి, తినిపించి, కాసేపు ఉంచుకుని, ఇంకా ఆలస్యమై ఉంటే అని మొదలుపెట్టి మా మొహాలు చూసి మాట మింగేశాడు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు. కూతురు ఆసుపత్రికి వస్తానంటే అమ్మమ్మగారే వద్దంది, నేనే వస్తున్నానని తన గొంతుతో తనే ఫోన్లో చెప్పింది.

కారులో ఆమె పక్కన నేను కూర్చున్నాను. డ్రైవరు బండి కదిలిస్తూ లోపలి లైటు ఆర్పబోయాడు.

"ఆర్పకు నాయనా" అంది ఆమె.

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. కృష్ణానగర్ సందుల దగ్గర ఆటోల మధ్య కారు ఆగినప్పుడు ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"నిద్రపట్టేసింది అబ్బాయ్. మెలకువ వచ్చేసరికి ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. గదిలోనే. 'ఇంట్లో ఎవరూ లేరు. లైట్లు ఆర్పుతున్నాను' అంది. మర్యాదగానే అంది. నేను లేచి కూర్చుని, 'ఉన్నానమ్మా, నేనున్నాను' అన్నాను. ఆర్పేసింది."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అన్నాను. నాటకాల్లో వెనక వరసకి వినిపించే గొంతు నాది. ఎవరమ్మా నువ్వు, నేనున్నాను, చీకటిగా ఉంది అన్నాను. ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. కాసేపటికి నాకే అనుమానం వచ్చింది, నిజంగా ఉన్నానా అని. చేతులు తడుముకుని చూసుకున్నాను."

ముందు సీట్లో ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూసే ఉంది. "మనుషుల మాట వినే వీలు దానికి పెట్టలేదండీ వాళ్లు" అంది వెనక్కి తిరక్కుండా. "ఇంకో ఏజెంటు చెబితేనే దానికది మాట. మామూలుగా తెలియనిదేదైనా వస్తే 'అర్థం కాలేదు' అనాలి. మీరు అన్నది అక్కడిదాకా కూడా వెళ్లలేదు."

"అర్థం కాలేదని అన్నా బాగుండేది తల్లీ" అంది అమ్మమ్మగారు. "ఎవరో ఉన్నారని తోచేది."

యూసుఫ్‌గూడలో వాళ్ల సందు దగ్గర కారు ఆగింది. కూతురు అప్పటికే కింద నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. తల్లి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వీధి దీపం కిందికి తిప్పి చూసుకుంది. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించడం మొదలుపెట్టాం. మెట్లు ఇరుకు, నిటారు.

నా జేబులో ఫోను అదిరింది. తీసి చూశాను. డ్రైవరు ఈ కొత్త ట్రిప్ నమోదు చేసినట్టున్నాడు, కార్లల్లుడు.

అడుగుతున్నాను: అమ్మమ్మగారు ఇల్లు చేరారా?

బొటనవేలు దానంతటదే అవుననే గుండీ మీదికి వెళ్లింది. ఇన్నేళ్ల అలవాటు. ఇంకో నాలుగు మెట్లేగా, చేరినట్టే కదా.

"ఏంటబ్బాయ్ అది?" అంది ఆమె ఆయాసపడుతూ.

"నువ్వు చేరినవా అని అడుగుతున్నడు అమ్మమ్మా."

"ఎవరు?"

"వాళ్లే."

ఆమె గోడ పట్టుకుని ఆగింది. నా చేతిలో వెలుగుతున్న ఫోన్‌కేసి చూసింది, ఏదో పురుగుని చూసినట్టు. "ఇంకా చేరలేదు" అంది. "ఆగు."

ఆగాను. మిగిలిన మెట్లు ఒక్కొక్కటే ఎక్కాం. గడప దాటించాం. కూతురు మంచం మీద కూర్చోబెట్టి, వీపు వెనక దిండు పెట్టి, గిన్నెలో మజ్జిగన్నం కలిపి తెచ్చింది. ఆమె ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, గది నాలుగు మూలలా చూసుకుంది. నేను గుమ్మంలో ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. అది మళ్లీ అదిరింది, మళ్లీ అదే ప్రశ్న.

"ఇప్పుడు చెప్పు" అంది. "కూర్చున్నానని చెప్పు. తింటున్నానని చెప్పు."

అవుననే గుండీ నొక్కాను.

"దోమలొస్తున్నయ్" అంటూ కూతురు తలుపు వేయబోయింది.

"వెయ్యకే" అన్నాం మేమిద్దరం ఒక్కసారే.